తెలుగులో జైలు, నిర్బంధ పదజాలం

జైలును, ఖైదును, నిర్బంధాన్ని చెప్పే తెలుగు మాటలు ఒకే కాలంలో, ఒకే భాషలోంచి వచ్చినవి కావు. చెర వంటి అచ్చ తెలుగు మాటలు, కారాగారం వంటి సంస్కృత పదాలు, ఖైదు, ములాఖత్ వంటి అరబీ, పారసీ మూలాల పదాలు, జైలు, లాకప్, రిమాండ్ వంటి ఇంగ్లిష్ పదాలు ఇప్పటికీ పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. వీటికి తోడు బొక్క, చిప్పకూడు, శ్రీకృష్ణ జన్మస్థానం వంటి జనం మాటలున్నాయి. ఒకే సంగతికి కోర్టు తీర్పు ఒక మాట, పత్రిక ఒక మాట, ఠాణా ఒక మాట వాడతాయి. ఖైదీ ఇంటివాళ్లు ఆ మాటే పలక్కుండా దాటవేస్తారు.

హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం, ఘట్‌కేసర్ ప్రాంతంలో ఈ పదాలన్నీ వినిపిస్తాయి. చర్లపల్లి కేంద్ర కారాగారం, ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఈ పక్కనే ఉన్నాయి. ఊళ్లు నగరంలో కలిసినా తెలంగాణ పల్లె యాస పోలేదు. పారిశ్రామికవాడలకు పని కోసం వచ్చినవాళ్ల హిందీ దానికి తోడైంది.

పదాల పుట్టుక

వీటిలో పాతది చెర. పాత రాతలో ఇది బండి ఱతో ‘చెఱ’. తమిళంలో సిఱై, కన్నడంలో సెఱె దీనికి తోబుట్టువులు. చెరసాల, చెరపట్టడం, చెర విడిపించడం దీని నుంచి వచ్చినవే. పురాణాల్లో, బుర్రకథల్లో, సినిమా పాటల్లో సీతమ్మ ఉన్నది చెరలోనే. అక్కడ జైలు అన్నా, ఖైదు అన్నా అతకదు. పాడు చేయడం అనే అర్థంలోని చెరచడం మాత్రం చెడు అనే ధాతువు నుంచి వచ్చింది. దానికీ చెరకూ చుట్టరికం లేదు. చర్లపల్లి పేరును కొందరు చెర్లపల్లి అని రాస్తారు. అది ఊరి పేరే గాని జైలు వల్ల వచ్చిన పేరు కాదు. జైలు రాకముందే ఆ ఊరుంది.

కారాగారం, కారాగృహం, బంధనం, నిర్బంధం సంస్కృత పదాలు. రాతకోతల్లో, తీర్పుల్లో, పత్రికల శీర్షికల్లో వీటిదే పెత్తనం. నిర్బంధం అనే మాటకు రెండు ముఖాలున్నాయి. ఒకటి కదలనీయకుండా ఉంచడం, రెండోది తప్పనిసరి చేయడం. అందుకే గృహ నిర్బంధం, నిర్బంధ విద్య రెండూ ఒకే మాటతో నడుస్తున్నాయి. రాజకీయ వ్యాసాల్లో దీనికి మూడో అర్థం కూడా స్థిరపడింది. ఉద్యమాలపై ప్రభుత్వం సాగించే అణచివేత మొత్తాన్నీ ఈ మాటతోనే చెబుతారు.

ఖైదు, ఖైదీ, బందిఖానా, జమానతు, ములాఖత్, దరోగా, కొత్వాలు ముస్లిం పాలనలో, నిజాం కచేరీల్లో వాడి వాడి తెలుగులో కలిసిపోయినవి. గోల్కొండ కోటలో రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్నను ఉంచిన చోటును జనం ఇప్పటికీ రామదాసు బందిఖానా అనే అంటారు. తానీషాగా పేరుపడ్డ అబుల్ హసన్ కుతుబ్‌షా కాలంలో, 17వ శతాబ్దంలో ఆయన అక్కడ బందీగా ఉన్నాడు. భద్రాచలం గుడికి ఖర్చు చేసిన సర్కారు సొమ్ము వల్ల పడిన ఆ శిక్ష, తెలుగువారికి తెలిసిన జైలు కథల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది. ఉర్దూ నుంచి వచ్చిన పదాల్లో కొన్ని దారిలో అర్థం మార్చుకున్నాయి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగు ముద్దాయి మాత్రం నేరం మోపబడినవాడు.

జైలు, జైలరు, వార్డరు, లాకప్, రిమాండ్, బెయిల్, పెరోల్ ఇంగ్లిష్ పాలనతో వచ్చాయి. తెలంగాణ పల్లె నోట జైలు ‘జేలు’ అవుతుంది. ‘జేల్ల ఏసిన్రు’ అంటే జైల్లో వేశారని.

చట్టం వాడే మాటలు

చట్టపరంగా ఖైదు రెండు రకాలు. పనితో కూడినది కఠిన కారాగార శిక్ష, పని లేనిది సాధారణ కారాగార శిక్ష. భారతీయ శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఈ విభజనను అలాగే ఉంచింది. ఏకాంత ఖైదు కోర్టు మాత్రమే విధించగల అదనపు శిక్ష. మొత్తం మీద 3 నెలలు మించకూడదు, ఒక్క విడతలో 14 రోజులు దాటకూడదు.

యావజ్జీవ కారాగార శిక్షను వాడుకలో జీవిత ఖైదు అంటారు. అది 14 ఏళ్లకు ముగుస్తుందని జనంలో గట్టి నమ్మకం ఉంది. యావజ్జీవం అంటే మిగిలిన బతుకంతా అని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. కొన్ని నేరాల్లో 14 ఏళ్లు నిండకుండా ముందుగా విడుదల చేయకూడదని చట్టం పెట్టిన షరతు జనం నోట గడువుగా మారిపోయింది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి రోజుల సందర్భంగా ప్రభుత్వాలు శిక్ష తగ్గించి విడిచిపెడితే పత్రికలు క్షమాభిక్ష అంటాయి. ఆ ఉత్తర్వుల్లో తప్పక కనిపించే మరో మాట సత్ప్రవర్తన.

అధికారం లేనివాడు మనిషిని పట్టి ఉంచినా నేరమే. ఒక దిక్కుకు పోకుండా దారి కట్టేయడం ఒక నేరం, ఏ దిక్కుకూ పోలేకుండా హద్దుల్లో బంధించడం మరో నేరం. రెండోదాన్ని అక్రమ నిర్బంధం అంటారు. ఇంట్లో పెట్టి తాళం వేసినా, అప్పు తీర్చలేదని గోదాములో కూర్చోబెట్టినా దీని కిందికే వస్తుంది. న్యాయ సంహితలో ఇవి 126, 127 సెక్షన్లు.

నేరం రుజువు కాకముందే, కొన్నిసార్లు నేరం జరగకముందే మనిషిని పట్టి ఉంచడం ముందస్తు నిర్బంధం. 1971లో వచ్చిన మీసా (అంతర్గత భద్రతా) చట్టం కింద లోపలికి వెళ్లినవాళ్లను మీసా ఖైదీలు అన్నారు. ఇంగ్లిష్ పొడి అక్షరాలు తెలుగు మీసంతో కలిసి వినబడడంతో ఆ మాట జనానికి తేలిగ్గా పట్టుబడింది. ఇప్పుడు ఆ స్థానం ముందస్తు నిర్బంధ చట్టమైన పీడీ యాక్టుది. ‘వాని మీద పీడీ వెట్టిన్రు’ అంటే ఏడాది దాకా బెయిలు మాట ఎత్తనక్కర్లేదని అర్థం. దానికి ముందు మెట్టు బైండోవర్. గొడవలు చేస్తాడని అనుమానం ఉన్నవాణ్ని పోలీసులు తహసీల్దారు ముందు నిలబెట్టి, బుద్ధిగా ఉంటానని పూచీకత్తు రాయించుకుంటారు. ఎన్నికల ముందు, పండుగల ముందు మండల కార్యాలయాల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది.

ఠాణా నుంచి జైలు దాకా

పట్టుబడిన మనిషి దాటే ప్రతి మెట్టుకూ ఒక మాట ఉంది. మొదటిది కూర్చోబెట్టడం. అరెస్టు రాయకుండా, కేసు కట్టకుండా ఠాణాలో గంటలకొద్దీ ఉంచడాన్ని ఉప్పల్, ఘట్‌కేసర్ వైపు ‘స్టేషన్ల కూసవెట్టిన్రు’ అంటారు. చట్టం పుస్తకంలో ఈ స్థితికి పేరు లేదు. ‘రాత్రంత కూసవెట్టి పొద్దుగాల ఇడ్సిపెట్టిన్రు’ అన్న వాక్యంలో నేరం మాట రాదు, అవమానం మాత్రం వినిపిస్తుంది. ఠాణా మెట్లెక్కడం, కోర్టు మెట్లెక్కడం అనే నుడికారాలు కూడా ఆ అవమానం నుంచే వచ్చాయి.

తర్వాత అరెస్టు, లాకప్. లాకప్‌ను పాతవాళ్లు హవాలాత్ అనేవారు. అరెస్టయినవాణ్ని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతుంది. మెజిస్ట్రేటు పంపేది రిమాండు. పత్రికల్లో ‘14 రోజుల రిమాండ్’ ఒకే ముక్కగా అతుక్కుపోయింది. పోలీసుల చేతికే తిరిగి అప్పగిస్తే పోలీసు కస్టడీ, జైలుకు పంపితే జుడీషియల్ కస్టడీ. రిమాండ్ ఖైదీ, విచారణ ఖైదీ, శిక్ష పడ్డ ఖైదీ అనే తేడా పత్రికలు, న్యాయవాదులు పాటిస్తారు. వీధిలో ముగ్గురూ ఒకటే, జైలుకు పోయినవాళ్లు.

చేతులకు వేసేవాటికి మూడు పేర్లున్నాయి. వీధిలో బేడీలు, కవిత్వంలో సంకెళ్లు, పత్రికల్లో అరదండాలు. ప్రతి ఖైదీకీ అలవాటుగా బేడీలు వేయడం తగదని 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత కొన్ని తీవ్ర నేరాల్లో వాటికి అనుమతి ఇచ్చింది. పూర్వం కాళ్లు బిగించే చెక్క సాధనం బొండకొయ్య. శిక్ష పోయింది, మాట నిఘంటువుల్లో మిగిలింది.

గోడల లోపలి వాడుక

జైలు లోపలి భాషలో ఇంగ్లిష్, ఉర్దూ సమపాళ్లలో కలుస్తాయి. చాలామంది కలిసి ఉండే పొడవాటి గది బ్యారక్, ఒక్కరిద్దరుండేది సెల్. గుడ్డు ఆకారంలో కట్టిన అతి భద్రతా విభాగాన్ని అండా సెల్ అంటారు. మహారాష్ట్రలోని నాగ్‌పుర్ జైలు నుంచి ఈ మాట తెలుగు పాఠకులకు బాగా పరిచయమైంది. అమలాపురం ప్రాంతం నుంచి వెళ్లి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబా ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. 2024 మార్చిలో బాంబే హైకోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్‌లో చనిపోయారు.

పొద్దున బ్యారక్ తాళం తీయడం, సాయంత్రం లెక్క చూసి వేయడం జైలు దినచర్యకు రెండు హద్దులు. సాయంత్రపు తాళాన్ని లోపలివాళ్లు లాకప్ అంటారు. బయట లాకప్ ఒక గది, లోపల అదొక వేళ. విచారణ ఖైదీకి ఇచ్చే యూటీ (అండర్‌ట్రయల్) నంబరు జైలు రికార్డుల్లో అతని పేరుకు ముందుంటుంది. శిక్ష పడ్డవారిలో నమ్మకస్తులను తోటివారి మీద కాపలా పెడితే వారు కన్విక్ట్ వార్డర్లు. శిక్షలో తగ్గే రోజులు రెమిషన్, గడువుకు లోబడి ఇంటికి పంపేది పెరోల్ లేదా ఫర్లో.

వీటన్నిటిలోకి ఇంటివాళ్లకు బాగా తెలిసిన మాట ములాఖత్. ఖైదీని చూడవచ్చినవాళ్లు గుర్తింపు కార్డు చూపి, ఖైదీ పేరు, నంబరు, తమకు అతనితో ఉన్న చుట్టరికం రాయించి, పిలుపు కోసం కూర్చుంటారు. జాలీకో అద్దానికో ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడి మాట్లాడతారు. కూలీనాలీ చేసుకునే ఇళ్లలో దీన్ని మూలకాత్, ములకత్ అని కూడా పలుకుతారు. కలవడం అనే మామూలు అర్థమున్న ఉర్దూ మాట తెలుగులో జైలు దగ్గరే ఆగిపోయింది. పెళ్లిలో కలిసిన చుట్టంతో ములాఖత్ అయ్యామని తెలుగులో ఎవరూ అనరు.

చర్లపల్లి ఓపెన్ జైలుకు అధికారిక పేరు ఖైదీల వ్యవసాయ క్షేత్రం. ఎత్తయిన గోడలు లేకుండా, పొలం పని చేస్తూ శిక్ష గడిపే చోటు అది. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలోనూ ఇలాంటిదే ఉంది. కేంద్ర కారాగారంలో మంచి నడవడి చూపినవారిని ఇక్కడికి మారుస్తారు. జైలు తయారీ వస్తువులను తెలంగాణ జైళ్ల శాఖ ‘మై నేషన్’ పేరుతో అమ్ముతుంది. ఖైదీలు నడిపే పెట్రోలు బంకులకు జనం పెట్టుకున్న పేరు జైలు బంకు.

జనం నోటి మాటలు

వీధి మాటల్లో మొదట చెప్పుకోవలసింది ‘లోపల’. ‘లోపలేశారు’, ‘లోపలికి పోయాడు’, ‘లోపలున్నాడు’ అంటే చాలు, ఎక్కడి లోపలో వివరం అక్కర్లేదు. హైదరాబాద్ హిందీ ప్రభావంతో ‘అందర్ చేసిన్రు’ కూడా వినిపిస్తుంది. విడుదలకు మాట బయటకు రావడం. ఖైదీ కుటుంబాలు ఎక్కువగా వాడేవి ఇవే. జైలు పేరెత్తకుండా సంగతి చెప్పడానికి వీలు కల్పిస్తాయి.

బెదిరింపు మాట బొక్క. ‘బొక్కలో తోస్తా’ అంటే జైల్లో పడేస్తానని. ఇక్కడ బొక్క అంటే రంధ్రం. తెలంగాణలో ఎముకను కూడా బొక్క అంటారు. ‘బొక్కలిరగ్గొడత’ అన్నప్పుడు ఉద్దేశించింది ఎముకలనే. పోలీసు పాత్రల నోట సినిమాలు ఈ రెండు బెదిరింపులనూ తెలుగు నేలంతా ప్రచారం చేశాయి. అందువల్ల కోస్తాలోనూ వీటికి వివరణ అక్కర్లేదు.

తిండి మీద వచ్చినది చిప్పకూడు. జైల్లో అన్నం పెట్టే గిన్నెను చిప్పతో పోల్చి పుట్టిన మాట. ‘చిప్పకూడు తినిపిస్తా’ అనేది శాపనార్థం, ‘చిప్పకూడు తిన్నోడు’ అనేది నింద. తలుపు మీద వచ్చినవి కటకటాలు, ఊచలు. కటకటాల వెనక్కి నెట్టడం పత్రికల వాడుక, ఊచలు లెక్కపెట్టడం ఎగతాళి. చేయడానికి పనేమీ లేదన్న సూచన అందులో ఉంది.

పరిహాసానికి వాడే పేర్లు చాలావరకు జైలును ఇల్లుగా, విడిదిగా చూపుతాయి. అత్తారిల్లు, సర్కారు విడిది, ప్రభుత్వ అతిథిగా ఉండడం ఇలాంటివే. వీటిలో ఎక్కువ ప్రసిద్ధి శ్రీకృష్ణ జన్మస్థానానిది. దేవకీ వసుదేవులను కంసుడు మథురలో చెరపెట్టడం, కృష్ణుడు అక్కడే పుట్టడం అందరికీ తెలిసిన కథ. ‘శ్రీకృష్ణ జన్మస్థానానికి వెళ్లొచ్చాడు’ అన్నప్పుడు వెటకారం ఉన్నా నోటికి మర్యాద తప్పదు. అందుకే విలేకరులు, నాయకులు దీన్ని తరచూ వాడతారు. జ్యోతిష్యులు చెప్పే బంధన యోగం కూడా జైలుకు మరో మర్యాదపూర్వకమైన పేరే.

జైలు పేరుకు బదులు ఊరి పేరు చెప్పడం మరో పద్ధతి. హైదరాబాద్‌లో చంచల్‌గూడ, చర్లపల్లి, కోస్తాలో రాజమండ్రి, ఢిల్లీ వార్తల్లో తిహార్ అంటే జైలే. ఒకప్పుడు ఈ వరుసలో ముషీరాబాద్ ఉండేది. అక్కడి పాత జైలు స్థలంలో గాంధీ ఆసుపత్రి కట్టిన తర్వాత ఆ అర్థం పోయి, పాత తరం జ్ఞాపకాల్లో మిగిలింది. చర్లపల్లికి ఇప్పుడు అలాంటి మార్పే మొదలైంది. 2025 జనవరి 6న చర్లపల్లి రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. అప్పటి నుంచి ‘చర్లపల్లికి పోవాలె’ అంటే రైలు కోసమని అర్థం చేసుకునేవాళ్లు పెరుగుతున్నారు. ఉప్పల్, నాచారం ఆటో స్టాండ్లలో జైలు అని స్పష్టంగా చెబితే తప్ప మొదట తట్టేది స్టేషనే.

రాజకీయ ఖైదు, సాహిత్యం

స్వాతంత్ర్యోద్యమం జైలు మాటకు గౌరవం తెచ్చింది. 1908లో స్వరాజ్య పత్రికలో రాతలకు శిక్ష పడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావును తొలి తెలుగు రాజకీయ ఖైదీగా చెబుతారు. రాజబందీ, సత్యాగ్రహి, ఏ క్లాసు, బి క్లాసు, సి క్లాసు వంటి మాటలు ఆ తరం ఆత్మకథల నిండా ఉంటాయి. ‘జైలుకు వెళ్లినవాడు’ అనడం ఒక దశలో యోగ్యతాపత్రం. సముద్రం దాటించి అండమాన్‌కు పంపే శిక్షను ద్వీపాంతరవాసం అన్నారు. 1857లో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడిలో తుర్రేబాజ్‌ఖాన్‌తో కలిసి నిలిచిన మౌల్వీ అలాఉద్దీన్ అక్కడికే వెళ్లాడు.

నిజాం జైళ్ల నుంచి కవిత్వం, కథ రెండూ వచ్చాయి. నిజామాబాద్ కోటలోని జైల్లో దాశరథి కృష్ణమాచార్య బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. అదే జైల్లో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి ఖైదీల బతుకులను ‘జైలు లోపల’ కథలుగా రాశారు. ఆ పుస్తకంలో రాజకీయ ఖైదీల కంటే మామూలు ఖైదీలే ముందుకొస్తారు.

ఘట్‌కేసర్ మండలం అంకుశాపూర్‌కు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. అక్కడ 1944లో పుట్టిన బద్దం భాస్కరరెడ్డి, 1965లో బయలుదేరిన ఆరుగురు దిగంబర కవుల్లో ఒకరు. ఆ కవులంతా పాత పేర్లు వదిలి కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఆయన పెట్టుకున్న పేరు చెరబండరాజు. ఆ పేరులో చెర అన్న మాట అందరికీ వినిపిస్తుంది. ఆ పేరు పెట్టుకున్న కొన్నేళ్లకు ఆయన నిజంగానే జైలు పాలయ్యారు. 1971లో నిఖిలేశ్వర్, జ్వాలాముఖితో కలిసి ముందస్తు నిర్బంధ చట్టం కింద, ఆ తర్వాత 1974లో సికింద్రాబాద్ కుట్ర కేసులో ఆయనను అరెస్టు చేశారు. 1982లో క్యాన్సర్‌తో చనిపోయారు. విప్లవ కవిత్వంలో ‘చెర’ అనే పాత మాట మళ్లీ వాడుకలోకి రావడంలో ఆయన పేరుకూ వాటా ఉంది. మరో విప్లవ కవి వరవరరావు జైల్లో రాసిన వ్యాసాల పుస్తకం ‘సహచరులు’.

సినిమా మాత్రం ఖైదీ అన్న మాటనే ఎంచుకుంది. 1983 నాటి ‘ఖైదీ’, 1988 నాటి ‘ఖైదీ నంబర్ 786’, 2017 నాటి ‘ఖైదీ నంబర్ 150’ ఆ మాటకు, దాని పక్కనుండే అంకెకు కథానాయకుడి హోదా ఇచ్చాయి. ఖైదీ అనే నింద అభిమానుల నోట బిరుదుగా మారింది.

జైలు కాని నిర్బంధాలు

జైలు గోడలు లేని నిర్బంధాలకూ తెలుగులో పేర్లున్నాయి. పల్లెల్లో అన్నిటికన్నా పాతది బందెలదొడ్డి. పరాయి చేలో పడ్డ పశువును తోలుకొచ్చి అందులో కట్టేస్తారు. యజమాని బందె, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం 7 రోజుల్లో ఎవరూ రాకపోతే ఠాణాకు తెలిపి, ప్రకటన ఇచ్చి, వేలం వేయవచ్చు. పట్టుకోవడం, అప్పగించడం, జరిమానా, విడుదల అన్నీ మనుషుల జైలు పద్ధతిలోనే నడుస్తాయి. నగరంలో కలిసిన ఊళ్లలో దొడ్ల స్థలాలకు వేరే కట్టడాలు వచ్చినా మాట మిగిలింది. ఇరుకుగా కిక్కిరిసిన గదిని, బడిని బందెలదొడ్డి అనే తిడతారు.

సెటిల్‌మెంట్ అనే మాటకు కోస్తాలో చేదు చరిత్ర ఉంది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వంటి వారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసి, బాపట్ల దగ్గరి స్టువర్టుపురం వంటి చోట్ల క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచారు. రోజూ హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం రద్దయింది. జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచే నియమాలు, ఇలాంటి తెగలపై ముద్రలు రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జైలు రిజిస్టర్లలో కులం గడిని తీసేయమంది.

గల్ఫ్ వలసలు మరికొన్ని మాటలు తెచ్చాయి. యజమాని కఫీల్, కాగితాలు లేకుండా మిగిలిపోయినవాడు ఖల్లివల్లి, ఇంటికి పంపే కాగితం ఔట్‌పాస్. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు దుబాయి జైల్లో దాదాపు 18 ఏళ్లు గడిపి 2024లో తిరిగొచ్చారు. హతుడి కుటుంబం క్షమించడానికి ఇచ్చే పరిహారాన్ని దియ్యా అంటారన్నది అలాంటి కేసుల వల్లే ఇక్కడి ఊళ్లకు తెలిసింది.

అధికార భాషలో మార్పు

ప్రభుత్వ భాష కొన్ని దశాబ్దాలుగా శిక్ష నుంచి సంస్కరణ వైపు జరుగుతోంది. 1894 నాటి జైళ్ల చట్టానికి బదులుగా 2023లో కేంద్రం తయారుచేసిన నమూనా చట్టం పేరులోనే ‘సంస్కరణ సేవలు’ చేరింది. తెలంగాణలో ఖైదీల మనసు మార్చే కార్యక్రమానికి ఉన్నతి అని పేరు. 2017లో హైదరాబాద్ వీధుల్లోని యాచకులను తరలించి చంచల్‌గూడ, చర్లపల్లి జైలు ఆవరణల్లో ఉంచినప్పుడు ఆ చోటుకు ఆనందాశ్రమం అని పేరు పెట్టారు. 2016లో సంగారెడ్డిలోని పాత జైలును మ్యూజియంగా మార్చి, 500 రూపాయలు కట్టినవారికి ఒక రోజు ఖైదీ జీవితం చూపించారు.

పేరు మార్చినంత వేగంగా వాడుక మారలేదు. బోర్డు మీద సంస్కరణ సేవలు, తీర్పులో కారాగారం, పత్రికలో కటకటాలు, ఠాణాలో రిమాండ్, ఇంట్లో ‘లోపల’ ఇప్పటికీ దేని చోట అది చెల్లుతోంది. ములాఖత్ వంటి కొద్ది మాటలు మాత్రం గోడకు రెండు వైపులా ఒకే రూపంలో నడుస్తున్నాయి.